మృతకణాల పొర: కెరాటిన్ పరిశోధన చరిత్ర

చర్మ నిర్మాణం చదివిన ప్రతి విద్యార్థికీ ఒక వాక్యం గుర్తుంటుంది. బాహ్యచర్మంలో అన్నిటికంటే పైన కెరాటిన్‌తో నిండిన మృతకణాల పొర ఉంటుంది అన్నది ఆ వాక్యం. పరీక్షలో అలా రాస్తే మార్కులు వస్తాయి. అది తప్పూ కాదు. అయితే అందులోని ‘మృత’ అన్న విశేషణం ఎక్కడి నుంచి వచ్చిందో, అది పరిశోధకుల చూపును ఎంతకాలం పక్కకు మళ్ళించిందో మనం సాధారణంగా అడగం. చనిపోయిన కణంలో తెలుసుకోవడానికి ఏముంటుంది అనుకున్నంతకాలం, చర్మకణంలో కెరాటిన్ చేసే పని ఏమిటి అన్న ప్రశ్నకు రుజువుతో కూడిన సమాధానం రాలేదు. ఆ సమాధానం 1991లో వచ్చింది. అంటే డి.ఎన్.ఎ. నిర్మాణం తెలిసిన 38 ఏళ్ళ తరువాత. ఇంత ఆలస్యం ఎందుకయిందో, చివరికి ఆ సమాధానం ఏ దారిన వచ్చిందో ఈ పాఠంలో చూద్దాం.

ముందుగా, చర్మం పొరల గురించి మీకు తెలిసినదాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. బాహ్యచర్మం అడుగున ఒకే వరుసలో ఉండే ఆధార కణాలు విభజన చెందుతుంటాయి. వాటిలో కొన్ని పైకి బయలుదేరి ముళ్ళ పొరను, రేణు పొరను దాటి స్ట్రాటమ్ కార్నియమ్‌కు చేరతాయి. దారిలో విభజన మానేస్తాయి, కెరాటిన్ తంతువులను పోగుచేసుకుంటాయి, చివరికి కేంద్రకాన్నీ ఇతర కణాంగాలనూ కోల్పోయి పలచని పొలుసులవుతాయి. ఈ ప్రయాణానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ కణాలకు కెరాటినోసైట్లు అని పేరు. ఇదంతా ఇప్పుడు ఒక్క పేరాలో చెప్పగలుగుతున్నాం కాని, దీన్ని ముక్కలు ముక్కలుగా కనుక్కోవడానికి మూడు శతాబ్దాలు పట్టింది.

సూక్ష్మదర్శిని కింద చర్మం

ఇటలీకి చెందిన మార్సెల్లో మాల్పీగీ 1665లో స్పర్శేంద్రియం గురించి రాసిన గ్రంథంలో, గట్టి పైపొరకు కింద మెత్తని పొర ఒకటి ఉందని వర్ణించాడు. మన పాఠ్యపుస్తకాల్లో నేటికీ కనిపించే ‘మాల్పీజియన్ పొర’ అన్న పేరు అక్కడిదే. మనుషుల చర్మం రంగులో తేడా ఈ మెత్తని పొరలోనే ఉందని, దాని కింద అందరి చర్మం ఒకే తెలుపు అని కూడా ఆయన అన్నాడు. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు. అయితే ఆయనకు కణం అన్న భావన లేదు. అందువల్ల పై పొరకూ కింది పొరకూ ఉన్న సంబంధం ఆయనకు అందలేదు.

ఆ సంబంధం 1830లలో జర్మనీలో తేలింది. కింది గుండ్రటి కణాలే పైకి జరుగుతూ చదునై పొలుసులవుతాయని యాకోబ్ హెన్లే గుర్తించాడు. 1839లో థియోడోర్ ష్వాన్ కణ సిద్ధాంతాన్ని ప్రకటించిన గ్రంథంలో గోళ్ళు, గిట్టలు, ఈకలు కూడా కణాల నుంచే తయారవుతాయని చూపాడు. ఇక్కడ ఒక విషయం గమనించండి. కణ సిద్ధాంతానికి ఇవి చాలా అవసరమైన ఉదాహరణలు. కొమ్ములాంటి గట్టి, నిర్జీవ పదార్థం కూడా ఒకప్పుడు కణమేనని తేలితేనే జంతుశరీరమంతా కణమయం అన్న మాట నిలబడుతుంది. ఆ వాదన నెగ్గిన తరువాత మాత్రం పై పొర మీద ఆసక్తి తగ్గింది. కణం పుట్టింది, ఎండింది, రాలింది, ఇంకేముంది అన్న ధోరణి బలపడింది.

19వ శతాబ్దం రెండో సగంలో రంగులద్దే పద్ధతులు మెరుగుపడ్డాయి. దాంతో పొరలకు పేర్లు వచ్చాయి. పాల్ లాంగర్‌హాన్స్, పాల్ గెర్సన్ ఉన్నా వంటివారు రేణు పొరను విడిగా గుర్తించి వర్ణించారు. ఆ పొర కణాల్లో ముదురు రంగు పట్టే రేణువులకు 1882లో విల్‌హెల్మ్ వాల్డెయర్ ‘కెరాటోహయలిన్’ అని పేరు పెట్టాడు. ఈ రేణువులు నిజంగా ఏమిటో తెలియడానికి మరో వందేళ్ళు పట్టింది. ఆ సంగతి చివరలో చూద్దాం.

కొమ్ము, ఉన్ని, గుర్రపు వెంట్రుక

కెరాటిన్ అన్న పేరు గ్రీకు భాషలో కొమ్ముకు ఉన్న ‘కెరాస్’ అన్న మాట నుంచి వచ్చింది. కార్నియమ్ అన్న పేరుకూ లాటిన్‌లో కొమ్మనే అర్థం. రసాయన శాస్త్రజ్ఞులకు ఈ పదార్థం ఒక తలనొప్పి. నీటిలో కరగదు, పెప్సిన్‌కు లొంగదు, ట్రిప్సిన్‌కు లొంగదు. అందులో గంధకం ఎక్కువగా ఉందని మాత్రం తెలుసు. వెంట్రుకలు కాలినప్పుడు వచ్చే వాసన దాని వల్లనే. 1899లో స్వీడన్‌కు చెందిన మోర్నర్ కొమ్ము నుంచి సిస్టీన్‌ను వేరుచేశాడు. రెండు ప్రోటీన్ గొలుసులను గంధకపు వంతెనలతో కలిపే అమైనో ఆమ్లం ఇదే. వెంట్రుక, గోరు, కొమ్ములలో ఇది అధికం. చర్మపు కెరాటిన్‌లో తక్కువ. అందుకే గోరు గట్టిగా, అరచేతి చర్మం వంగేలా ఉంటాయి.

ఆ తరువాతి ముఖ్యమైన అడుగు వైద్య కళాశాలలో పడలేదు, ఉన్ని పరిశ్రమకు పేరుపొందిన ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో పడింది. 1928లో విలియం ఆస్ట్‌బరీ అక్కడి విశ్వవిద్యాలయంలో వస్త్ర భౌతికశాస్త్రం బోధించడానికి చేరాడు. ఉన్ని ఎందుకు సాగుతుంది, ఎందుకు ముడుచుకుంటుంది అన్నవి మిల్లు యజమానుల ప్రశ్నలు. ఆస్ట్‌బరీ ఉన్ని పోగు మీదకు ఎక్స్-కిరణాలను పంపి, అవి వివర్తనం చెంది ఫిల్ము మీద ఏర్పరచిన మచ్చలను పరిశీలించాడు. మామూలు పోగు ఒక రకం నమూనా ఇచ్చింది. తడిపి, వేడిచేసి, సాగదీసిన పోగు మరో రకం ఇచ్చింది. వదిలిపెడితే మొదటి నమూనా తిరిగి వచ్చింది. మొదటిదానికి ఆల్ఫా అని, రెండోదానికి బీటా అని పేర్లు పెట్టాడు. ప్రోటీన్ గొలుసు మామూలు స్థితిలో ముడుచుకొని ఉంటుంది, లాగితే విచ్చుకుంటుంది అన్నది ఆయన నిర్ణయం. ఆ ముడత ప్రతి 5.1 ఆంగ్‌స్ట్రామ్‌లకు ఒకసారి పునరావృతమవుతుందని లెక్కకట్టాడు. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు.

ఆస్ట్‌బరీ ఊహించిన ముడత ఆకారం సరైనది కాదు. సరైన ఆకారం 1948లో లైనస్ పౌలింగ్‌కు తట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో జలుబుతో మంచం పట్టిన రోజున కాగితం మీద గొలుసు గీసి, దాన్ని మడిచి చూస్తే సర్పిలం ఏర్పడింది. చుట్టుకు 3.6 అమైనో ఆమ్లాలు. కాని ఆ సర్పిలం 5.4 ఆంగ్‌స్ట్రామ్‌లకు ఒక చుట్టు తిరుగుతుంది, ఆస్ట్‌బరీ కొలత 5.1. ఈ చిన్న తేడా కారణంగా ఆయన ప్రచురణను వాయిదా వేసుకున్నాడు. చివరికి 1951లో ప్రకటించాడు. ఆ వ్యాసం చదివిన మాక్స్ పెరుట్జ్ కేంబ్రిడ్జ్‌లో ఒక గుర్రపు వెంట్రుకను తీసుకొని, ఆ సర్పిలం నిజమైతే 1.5 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఒక మచ్చ కనిపించాలని వెతికాడు. కనిపించింది. 5.1కీ 5.4కీ మధ్య తేడాకు ఫ్రాన్సిస్ క్రిక్ 1952లో కారణం చెప్పాడు. పౌలింగ్ కూడా ఇంచుమించు అదే సమయంలో అదే దారిలో ఆలోచించాడు. సర్పిలాలు విడివిడిగా నిటారుగా ఉండవు. తాడు పేనినట్టు ఒకదాని చుట్టూ ఒకటి కొంచెం వాలుగా చుట్టుకుంటాయి. వాలు వల్ల కొలత తగ్గి కనిపిస్తుంది. ఈ ‘పేనిన తాడు’ చిత్రాన్ని మనసులో ఉంచుకోండి. తరువాత చర్మవ్యాధిని అర్థం చేసుకోవడానికి ఇది కావాలి.

చాలా పుస్తకాల్లో ఆల్ఫా సర్పిలం అంటే పౌలింగ్ పేరొక్కటే ఉంటుంది. ఆ ‘ఆల్ఫా’ ఆస్ట్‌బరీ ఉన్నిపోగు నుంచి వచ్చిందని గుర్తుపెట్టుకోవడం న్యాయం. ఇంకో సంగతి కూడా ఉంది. లీడ్స్‌లోనే కె. ఎం. రుడాల్ 1940లలో ఆవు మూతి చర్మం నుంచి యూరియా ద్రావణంతో ఒక తంతు ప్రోటీన్‌ను కరిగించి తీశాడు. దానికీ అదే ఆల్ఫా నమూనా వచ్చింది. వెంట్రుకలో ఉన్నదీ, సజీవ చర్మకణాల్లో తయారవుతున్నదీ ఒకే కుటుంబానికి చెందినవని దీనితో తేలింది. అంటే కెరాటిన్ చచ్చిన కణంలో మిగిలిన పిప్పి కాదని, బతికున్న కణం పనిగట్టుకొని తయారుచేసే పదార్థమని చెప్పడానికి ఆధారం దొరికింది.

నిర్ణయం ఎవరిది?

ఇక్కడ కాసేపు పక్కదారి పట్టాలి. 1925లో అమెరికాలో వోల్‌బాక్, హౌ అనే పరిశోధకులు విటమిన్ ఎ లేని ఆహారం మీద పెంచిన ఎలుకలను పరీక్షించారు. తడిగా, శ్లేష్మంతో ఉండాల్సిన శ్వాసనాళపు లోపలి పొర, కంటి పొర కెరాటిన్‌తో గట్టిపడి చర్మంలా మారాయి. 1953లో హానర్ ఫెల్, ఎడ్వర్డ్ మెలన్‌బీ దీనికి పూర్తిగా ఎదురు ప్రయోగం చేశారు. కోడి పిండం చర్మాన్ని పాత్రలో ఉంచి విటమిన్ ఎ అధికంగా ఇస్తే, కెరాటిన్ ఏర్పడాల్సిన చోట శ్లేష్మం స్రవించే కణాలు ఏర్పడ్డాయి. కెరాటిన్‌తో నిండటం పాతబడిన ప్రతి కణానికీ తప్పనిసరిగా పట్టే గతి అయితే ఇలా జరగకూడదు. కణం ముందు రెండు దారులున్నాయి, ఏ దారి పట్టాలో చెప్పే సంకేతాలున్నాయి.

ఈ ప్రయోగాలకు మన గ్రామాలతో నేరుగా సంబంధం ఉంది. విటమిన్ ఎ లోపించిన పిల్లల కంటి తెల్లగుడ్డు మీద కనిపించే బూడిదరంగు, నురగలాంటి బైటాట్ మచ్చలు ఇలా కెరాటిన్ చేరిన కణాలే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ జరిపిన క్షేత్ర పరిశోధనల ఆధారంగా, ఆరు నెలలకోసారి పిల్లలకు అధిక మోతాదు విటమిన్ ఎ ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970లో మొదలయింది. అంగన్‌వాడీలో చెంచాతో పోసే ఆ నూనెమందు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

పాత్రలో పెరిగిన చర్మం

సంకేతాలు ఉన్నాయని తెలిసినా, మనిషి చర్మకణాలను బయట పెంచి చూసే మార్గం అప్పటికి లేదు. వర్ధన పాత్రలో ఫైబ్రోబ్లాస్ట్‌లు విజృంభించి పెరిగేవి, చర్మకణాలు కొద్ది రోజుల్లో ఆగిపోయేవి. ఈ చిక్కు 1970లలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో విడిపోయింది. నిజానికి హోవర్డ్ గ్రీన్ చర్మం మీద పని చేయడంలేదు. ఆయన, ఆయన విద్యార్థి జేమ్స్ రైన్‌వాల్డ్ ఎలుకలో ఏర్పడే టెరటోమా అనే గడ్డ కణాలను పెంచుతున్నారు. అందులో కొన్ని కణాలు చర్మంలా పొరలుగా పెరిగి కెరాటిన్ చేయసాగాయి. అవి ఫైబ్రోబ్లాస్ట్‌ల పొరుగున ఉన్నప్పుడే బాగా పెరుగుతున్నాయని వారు గమనించారు. ఇన్నాళ్ళూ పంటను మింగే కలుపుగా చూసినవే పంటకు అవసరమని తేలింది! వికిరణంతో విభజనశక్తి తీసేసిన 3టి3 ఎలుక ఫైబ్రోబ్లాస్ట్‌లను అడుగున పరిచి, వాటి మీద మనిషి చర్మకణాలను నాటి, తరం తరువాత తరంగా పెంచగలిగారు. ఈ ఫలితం 1975లో వెలువడింది.

ఫలితం వెంటనే ఆసుపత్రికి చేరింది. 1983లో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఇద్దరు అన్నదమ్ములు, చిన్నపిల్లలు, శరీరంలో 90 శాతానికి పైగా కాలిపోయిన స్థితిలో ఉన్నారు. వారి శరీరం మీద మిగిలిన కొద్దిపాటి చర్మం నుంచి కణాలు తీసి, పాత్రల్లో పొరలుగా పెంచి, కాలిన చోట అతికించారు. ఇద్దరూ బతికారు.

ఈ పద్ధతి ప్రయోగశాలకు ఇచ్చిన లాభం కూడా తక్కువది కాదు. ఇప్పుడు కణం పక్వమయ్యే క్రమాన్ని మెట్టు మెట్టుగా చూడవచ్చు. రైస్, గ్రీన్ 1977లో చూపినదేమంటే, పైకి చేరిన కణం తన పొర లోపలివైపున ఒక గట్టి ప్రోటీన్ తొడుగును కట్టుకుంటుంది. డిటర్జెంటులో మరిగించినా అది కరగదు. ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైమ్ ప్రోటీన్లను ఒకదానికొకటి కుట్టినట్టు బంధించడం దీనికి కారణం. 1980లో హెనింగ్స్, ఆయన సహచరులు ఎలుక చర్మకణాల వర్ధన ద్రావణంలో కాల్షియం తగ్గిస్తే కణాలు ఆధార కణాల్లాగే విభజన సాగిస్తాయని, పెంచితే పక్వమవడం మొదలుపెడతాయని చూపారు. ఇంత క్రమంగా, ఇంత ఏర్పాటుతో జరిగేదాన్ని ఎండిపోవడం అనలేం. కణ మరణ రీతులను వర్గీకరించే అంతర్జాతీయ సంఘం 2009 నాటి జాబితాలో దీనికి ‘కార్నిఫికేషన్’ అని విడిగా చోటు ఇచ్చింది.

గ్రీన్ ప్రయోగశాలలో చేరిన యువ పరిశోధకురాలు ఇలేన్ ఫుక్స్ అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. అడుగున ఉన్న కణం, పైన ఉన్న కణం చేసే కెరాటిన్ ఒకటేనా? కాదని ఆమె, గ్రీన్ 1980లో చూపారు. ఆధార కణాలు చిన్న కెరాటిన్లను చేస్తాయి. పైకి బయలుదేరగానే ఆ పని తగ్గించి, పెద్ద కెరాటిన్ల తయారీకి మారతాయి. నేటి సంఖ్యల్లో చెప్పాలంటే కింద 5, 14, పైన 1, 10. సంఖ్యలు ఇలా జంటలుగా ఎందుకు చెబుతున్నామో గమనించండి. మొదటి రకం కెరాటిన్ ఒకటి, రెండో రకం కెరాటిన్ ఒకటి కలిస్తేనే తంతువు ఏర్పడుతుంది. ఒంటరిగా ఏదీ తంతువు కాలేదు. 1982లో హైడెల్‌బర్గ్‌లో వెర్నర్ ఫ్రాంకె బృందం మానవ కణజాలాల్లోని కెరాటిన్లకు 1 నుంచి 19 వరకు సంఖ్యలిచ్చి పట్టిక తయారుచేసింది. ఇప్పుడు మనిషిలో 54 కెరాటిన్ జన్యువులు తెలుసు. గడ్డలోని కెరాటిన్ల సంఖ్యలు చూసి కాన్సర్ ఏ అవయవంలో పుట్టిందో వ్యాధినిర్ధారణ నిపుణులు అంచనా వేయడం ఆ పట్టిక ఫలమే.

ముందు ఎలుక, తరువాత రోగి

ఇంత తెలిసినా అసలు ప్రశ్న మిగిలే ఉంది. చర్మకణానికి ఈ తంతువులు లేకపోతే ఏమవుతుంది? చాలామంది అవి బలాన్నిస్తాయని అనుకునేవారు కాని, ఆ ఊహకు రుజువు లేదు.

చికాగోలో సొంత ప్రయోగశాల పెట్టిన ఫుక్స్ వ్యాధి నుంచి జన్యువుకు వెళ్ళే మామూలు దారి పట్టలేదు. 14వ కెరాటిన్ జన్యువులో ఒక కొసను కత్తిరించి, ఆ చెడిన జన్యువును ఎలుక పిండాల్లో ప్రవేశపెట్టారు. పుట్టిన పిల్లల చర్మం కొద్దిపాటి ఒరిపిడికే బొబ్బలెక్కి ఊడిపోయింది. సూక్ష్మదర్శిని కింద చూస్తే కణాల మధ్య అతుకులు బాగానే ఉన్నాయి. చిరుగు ఆధార కణం లోపలే ఉంది. ఇలాంటి లక్షణాలున్న మానవ వ్యాధి ఏదైనా ఉందా అని వైద్యగ్రంథాలు తిరగేస్తే ఎపిడెర్మోలిసిస్ బులోసా సింప్లెక్స్ కనిపించింది. ఎపిడెర్మోలిసిస్ బులోసా అన్న పేరు 1886లో కోబ్నర్ పెట్టినది. ఈ వ్యాధితో పుట్టిన బిడ్డకు పాకితే మోకాళ్ళ మీద, నడిస్తే పాదాల మీద, బట్ట ఒరిసిన చోటల్లా బొబ్బలు లేస్తాయి. ఎండాకాలంలో బాధ మరింత పెరుగుతుంది. వ్యాధికి పేరుంది, వంశపారంపర్యమని తెలుసు, కారణం మాత్రం వందేళ్ళుగా తెలియదు.

1991లో ఫుక్స్ బృందం రోగుల 14వ కెరాటిన్ జన్యువులో ఉత్పరివర్తనాలను కనుగొంది. అదే ఏడాది ఎర్విన్ ఎప్‌స్టీన్ బృందం వంశవృక్షాల దారిలో వచ్చి అక్కడికే చేరింది. 1992లో బ్రిటన్‌లో బర్గిట్టె లేన్ బృందం 5వ కెరాటిన్‌లో కూడా ఇలాంటి లోపం చూపింది. తీవ్రమైన వ్యాధి ఉన్న అనేక కుటుంబాల్లో మార్పు ఒకే చోట ఉంది. 14వ కెరాటిన్ గొలుసులో 125వ అమైనో ఆమ్లం ఆర్జినిన్‌కు బదులు మరొకటి. కొన్ని వందల అమైనో ఆమ్లాల గొలుసులో ఒక్కటి మారితే అరికాలు నేల మీద ఆనదు.

తల్లిదండ్రులలో ఒకరి నుంచి మంచి జన్యువు వచ్చి ఉన్నా వ్యాధి ఎందుకు వస్తుందని మీకు సందేహం రావాలి. పేనిన తాడును గుర్తుచేసుకోండి. పురిలో కుళ్ళిన పోగులు కలిస్తే మంచి పోగులు ఎన్ని ఉన్నా తాడు తెగుతుంది. కెరాటిన్ తంతువులో మంచి అణువులు, చెడ్డ అణువులు కలిసే పేనుకుంటాయి. అందువల్లే ఈ వ్యాధి ఎక్కువగా బహిర్గత లక్షణంగా సంక్రమిస్తుంది. చికిత్సకు అడ్డంకి కూడా ఇదే. కొత్తగా మంచి జన్యువును చేర్చినంత మాత్రాన చాలదు, చెడ్డదాన్ని మాట్లాడనివ్వకుండా చేయాలి. ఈ వ్యాధిలో నేటికీ ప్రధానమైన చికిత్స చర్మాన్ని ఒరిపిడి నుంచి కాపాడటం, బొబ్బలకు శుభ్రమైన కట్లు కట్టడమే. అయితే కుటుంబానికి కారణం చెప్పగలుగుతున్నారు. తరువాతి బిడ్డ విషయంలో గర్భస్థ దశలోనే పరీక్ష సాధ్యమవుతోంది.

వాల్డెయర్ రేణువులు

చివరగా, 1882 నాటి రేణువుల సంగతి. 1970లలో అమెరికాలో బెవర్లీ డేల్ స్ట్రాటమ్ కార్నియమ్ నుంచి ఒక క్షార స్వభావపు ప్రోటీన్‌ను వేరుచేసింది. దాన్ని కెరాటిన్ తంతువులతో కలిపితే అవి కట్టెలమోపులా దగ్గరగా కట్టుకున్నాయి. తంతువులను గుమికూర్చేది కనుక 1981లో ఆమె, పీటర్ స్టైనర్ట్, వారి సహచరులు దానికి ‘ఫిలాగ్రిన్’ అని పేరు పెట్టారు. కెరాటోహయలిన్ రేణువుల్లో ఎక్కువభాగం దీని పూర్వరూపమే. మోపు కట్టిన తరువాత ఫిలాగ్రిన్ పని అయిపోదు. పైకి పోయేకొద్దీ అది అమైనో ఆమ్లాలుగా విడిపోయి, చర్మంలో నీటిని పట్టి ఉంచుతుంది. కేంద్రకం పోయిన తరువాత కూడా పొలుసులో ఇలా పని జరుగుతూనే ఉంటుంది.

2006లో స్కాట్లండ్‌లోని డండీలో ఇర్విన్ మెక్లీన్ బృందం, ఒళ్ళంతా చేప పొలుసుల్లా ఎండిపోయే ఇక్తియోసిస్ వల్గారిస్‌కు ఫిలాగ్రిన్ జన్యు లోపమే కారణమని చూపింది. అదే లోపం ఉన్నవారికి గజ్జిలా దురదపెట్టే అటోపిక్ ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా ఎక్కువని అదే ఏడాది మరో వ్యాసంలో తెలిపింది. అంతవరకు ఎగ్జిమాను ప్రధానంగా రోగనిరోధక వ్యవస్థ తప్పుగా చూసేవారు. గోడ బీటలు వారడం ముందు, లోపలి అలజడి తరువాత కావచ్చన్న ఆలోచన అప్పటి నుంచి బలపడింది. మెక్లీన్ బృందం మొదట కనుగొన్న రెండు ఉత్పరివర్తనాలు యూరప్ సంతతి వారిలో దాదాపు పదిమందిలో ఒకరికి ఉంటాయి. ఆసియా జనాభాల్లో అవి అరుదు. ఇక్కడ అదే జన్యువులో వేరే చోట్ల, వేరే మార్పులు కనిపిస్తున్నాయి. కనుక యూరప్‌లో తయారైన పరీక్షలో లోపం లేదని తేలిన వ్యక్తికి ఫిలాగ్రిన్ సక్రమంగా ఉందని చెప్పలేం.